తట్టు తిరిగిన ఎండాకాలం

బడులు తెరిచే ముందు నెలన్నర మా ఇంట్లో ఎవరికీ నడుం వాల్చే తీరిక ఉండదు. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు, ఒకటి నాది, ఒకటి మా తోడికోడలిది. నిక్కర్లు, చొక్కాలు, కుచ్చిళ్ళ స్కర్టులు. గోడకి వేలాడే గుడ్డ రంగు చూస్తే చాలు, ఏ బడిదో చెప్పేస్తాం. పిల్లల్ని రెక్క పట్టుకుని తల్లులు వస్తూనే ఉంటారు. నేను టేపు పెట్టి కొలత చెబుతాను, అక్క రాసుకుంటుంది. తోడికోడలిని నేను అక్కా అనే పిలుస్తాను. ఈ పని నాకు నేర్పింది ఆవిడే. ఆవిడలా కాజాలు కుట్టడం ఇప్పటికీ నాకు చేతకాదు.

మేము కింద, వాళ్ళు పైన. కింద నేను, మా ఆయన, మా అత్తయ్య, నా ఇద్దరు పిల్లలు. పైన అక్క, బావగారు, వాళ్ళమ్మాయి. బావగారు నీళ్ళ ట్యాంకరు నడుపుతారు. మా ఆయన కాలిపోయిన మోటార్లకి మళ్ళీ తీగ చుట్టే పని చేస్తాడు. అన్నదమ్ములిద్దరూ పెద్దగా నోరు విప్పే మనుషులు కారు. ఇంటికి కావలసిన మాటలన్నీ మా అత్తయ్య ఒక్కతే మాట్లాడేస్తుంది.

పైవాళ్ళ అమ్మాయిని అందరం గువ్వ అంటాం. అప్పటికి దానికి ఏడేళ్ళు. అంతకు ముందు ఏడాదే రక్తంలో క్యాన్సరని తేలింది. ఆ ఎండాకాలం నాటికి గట్టి మందులు అయిపోయి, ఇంట్లోనే మాత్రలు మింగే దశకి వచ్చింది. ఊడిన జుట్టు కోడిపిల్ల నూగులా మళ్ళీ మొలుస్తోంది. బడికి పంపొద్దన్నారు, జనంలోకి తీసుకెళ్ళొద్దన్నారు. అందుకని అది మెట్ల మీద కూర్చునేది. కొలతలకి వచ్చిన పిల్లల్ని అక్కణ్ణుంచే కమ్మీల సందుల్లోంచి చూసేది. ఎవడికి బొజ్జ ఉంది, ఎవడు చక్కిలిగిలికి మెలికలు తిరిగిపోయాడు, ఎవరి అమ్మ రెండేళ్ళు పనికొచ్చేలా వదులుగా కుట్టమంది, అన్నీ సాయంత్రం మాకు చేసి చూపించేది. మనిషి నోట్లోంచి మాట రాకముందే నవ్వు తెప్పించే పిల్ల.

నా పెద్దవాడు బొంగరం. కాలు ఒకచోట నిలవదు కాబట్టి ఆ పేరు పడింది. చిన్నది పాప. ఏడాది నిండి, గోడ పట్టుకుని అడుగులేస్తోంది.

బొంగరం సంగతి కొంచెం చెప్పాలి. వాడు పాపంత ఉన్నప్పుడు తట్టు టీకా వేయించాము. వారం గడిచాక జ్వరం వచ్చింది. మిషను పక్కన గుడ్డపేలికల్లో ఆడుకుంటున్నవాడు ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు. కళ్ళు తేలేశాడు. చేతులు కాళ్ళు కొట్టుకున్నాయి. పిల్లవాడు నా చేతుల్లోంచి జారిపోయాడనే అనుకున్నాను. కాసేపటికి తేరుకున్నాడు. జ్వరం తలకెక్కితే కొందరు పిల్లలకి అలా ఫిట్సు వస్తాయనీ, దానివల్ల పిల్లవాడికి ఏ లోటూ ఉండదనీ డాక్టరు చెప్పారు. నిజంగానే ఏ లోటూ రాలేదు. వాడి పేరే సాక్ష్యం. కానీ ఆ రోజు నుంచి నాలో ఏదో మొద్దుబారిపోయింది. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఉంటుంది చూడండి, అలాగ. నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు. ఆ తర్వాత వాడికి గానీ, పుట్టిన రోజున ఆసుపత్రిలో వేసినవి తప్ప పాపకి గానీ, ఇంకే టీకా వేయించలేదు. టీకాలవాళ్ళ నుంచి రమ్మని కబురొస్తే జలుబు చేసిందనేదాన్ని, ఊళ్ళో లేమనేదాన్ని. కొన్నాళ్ళకి వాళ్ళూ అడగడం మానేశారు. మా ఆయన మొదటి నుంచీ అడగలేదు.

ఎండలు ముదిరాక ఒక రోజు అక్క ఆసుపత్రి నుంచి వచ్చి, గువ్వని పైన పడుకోబెట్టి, దిగి వచ్చి తన మిషను ముందు కూర్చుంది. ఊళ్ళో తట్టు తిరుగుతోందట. రెండు వీధుల అవతల ట్యూషనుకి వెళ్ళే పిల్లల్లో కొందరికి వచ్చిందట. గువ్వకి చిన్నప్పుడు వేయించిన టీకాల బలం ఈ మందుల దెబ్బకి పోయి ఉండొచ్చట, ఇప్పుడు మళ్ళీ వేయడానికి వీల్లేదట. దానికి తట్టు సోకితే కాచుకునే శక్తి దాని ఒంట్లో లేదట. కాబట్టి దాని చుట్టూ తిరిగేవాళ్ళందరికీ టీకా పడి ఉండాలని అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడట. ఇదంతా అక్క సూదిలోకి దారం ఎక్కిస్తూ, వీధిలో ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది. మీ పిల్లలకి వేయించు అని మాత్రం అనలేదు.

"అలాగా," అన్నాను.

"అలాగే అన్నారు," అంది అక్క. మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆ మాట మా ఇద్దరి మధ్యకీ మళ్ళీ రాలేదు. రాకపోవడమే ఇబ్బందిగా ఉండేది. ఇదివరకు అక్క మెట్లు దిగుతూనే పాపని చంకనేసుకునేది. ఇప్పుడు దిగి వచ్చి, పాప చేతులు చాచితే బుగ్గ మీద వేలితో తట్టి, మిషను దగ్గరికి వెళ్ళిపోయేది. పని ముగించుకుని పైకి వెళ్ళేటప్పుడు చేతులు మోచేతుల దాకా కడుక్కుని, పైన స్నానాల గదిలో చీర మార్చుకున్నాకే గువ్వ దగ్గరికి వెళ్ళేది. బొంగరం పైకి పరిగెడితే గుమ్మంలోనే ఆపి, చేతిలో ఒక బిస్కెట్టు పెట్టి వెనక్కి పంపేది. ఎక్కడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నేనూ నాలుగు మాటలు అనేసి ఉండేదాన్ని.

మా అత్తయ్య ఉంది. కింద ఉన్నంతసేపూ ఆవిడ నా పక్షం. "వాడి కళ్ళు తేలేసింది నేను చూశాను తల్లీ, నాకు చెప్పకు," అనేది, నేనేమీ చెప్పకపోయినా. పైకి వెళ్తే అక్క పక్షం. అక్కడ ఏం మాట్లాడేదో గువ్వ ద్వారా నాకు తెలిసిపోయేది. మెట్ల మీద ఉన్నప్పుడు మాత్రమే ఆవిడ ఎవరి పక్షమూ కాదు. మోకాళ్ళ నొప్పులని చెప్పి, ఆ నెలంతా మెట్ల మీద చాలాసేపే గడిపింది.

ఒక సాయంత్రం మా ఆయన ఫోనులో ఏదో చదివి, ఈ టీకాల్లో ఉండేది బతికి ఉన్న క్రిమేనట అన్నాడు. ఇంట్లో గువ్వలాంటి పిల్లని పెట్టుకుని మన పాపకి అది వేయిస్తే, పాప నుంచి గువ్వకి అంటుకుంటే ఎవరిది పూచీ అన్నాడు. నా గుండెల మీంచి బండ దింపినట్టయింది. నా భయానికి తొడుక్కోవడానికి మంచి చొక్కా దొరికింది. మర్నాడు పొద్దున్నే ఆ మాట అక్క చెవిన వేశాను. అక్క కాలరు తిప్పుతూ విన్నది.

"నేనూ అదే అడిగాను," అంది. "కొన్నిటికి ఆ భయం ఉంటుందట. తట్టు టీకాకి లేదన్నారు. వేయించుకున్న పిల్లల నుంచి పక్కవాళ్ళకి రాదట."

అంటే నాకన్నా ముందే ఆవిడ నా పాప గురించి అక్కడ అడిగి వచ్చింది. అడిగినట్టు నాకు చెప్పలేదు. కాలరు బోర్లించి, మూలలు కత్తెర మొనతో బయటికి పొడిచి, నా వైపు చూడకుండానే పక్కన పెట్టింది.

ఆ రోజుల్లో నేను ఏం ఆలోచించానని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. తూకం వేశాననే అనుకునేదాన్ని. ఒక తక్కెడలో బొంగరం తేలేసిన కళ్ళు, రెండో తక్కెడలో ఊళ్ళో ఎవరికో వచ్చిన తట్టు. చూసినదానికున్న బరువు విన్నదానికి ఎక్కడిది? గువ్వని కూడా తక్కెడలో పెట్టాలని తెలుసు. పెట్టబోతే చెయ్యి ఆడేది కాదు. నా పిల్లకి జ్వరం తెప్పించి అక్క పిల్లని కాపాడాలా అని ఒక మాట వచ్చేది. ఆ మాట నాకు నచ్చేది కాదు, పోయేదీ కాదు. మాట వచ్చినప్పుడల్లా మిషను గట్టిగా తొక్కేదాన్ని. ఆ సీజనులో నా కుట్టు చాలా వేగంగా సాగిందని అందరూ అన్నారు.

బస్టాండులో టికెట్లు ఇచ్చే ఆవిడ తన కొడుకుని తీసుకొచ్చింది ఆ వారంలోనే. మేము టికెట్లావిడ అనేవాళ్ళం. పిల్లవాడు ఎర్రబడ్డ కళ్ళు నులుముకుంటూ దగ్గుతున్నాడు. గుమ్మంలోంచి వెలుతురు పడుతుంటే మొహం తిప్పేసుకుంటున్నాడు. కాలరు కొలవడానికి మెడ చుట్టూ టేపు వేస్తే వేళ్ళకి వేడి తగిలింది. ఎండన పడి నడిచి వచ్చారు కదా అనుకున్నాము. వాళ్ళమ్మా అదే అంది. పాప నేల మీద వాడి చెప్పు తీసుకుని ఆడుతోంది. గువ్వ కమ్మీల సందుల్లోంచి చూస్తోంది. నడుము, పొడవు, భుజం, అన్నీ చెప్పాను. అక్క రాసుకుంది.

మర్నాడు సాయంత్రం టికెట్లావిడ ఫోను చేసింది. పిల్లవాడికి ఒంటి నిండా ఎర్రటి దద్దులు లేచాయట, తట్టేనని తేల్చారట. మీ ఇంట్లో జబ్బు పిల్ల ఉంది కదా, చెప్పకపోతే నా మనసు ఊరుకోలేదమ్మా అంది. ఆ మాత్రం చెప్పేవాళ్ళు కూడా తక్కువే.

అక్క వింటూనే కత్తెర కింద పెట్టి పైకి వెళ్ళింది. వెనకే నేనూ మెట్లెక్కి, గుమ్మం బయట ఆగిపోయాను. లోపలికి రావచ్చో రాకూడదో తెలియలేదు. అక్క సంచీలో గువ్వ బట్టలు సర్దుతోంది. పెద్దాసుపత్రికి ఫోను చేసిందట, వెంటనే తీసుకొస్తే జబ్బు రాకుండా ఒక మందు ఎక్కిస్తాం అన్నారట. కొన్ని వారాలు అక్కడే దగ్గర్లో గది తీసుకుని ఉండాలట. కుట్టవలసిన గుడ్డలు ఏవి ఎక్కడున్నాయో, ఎవరు ఎప్పుడు వస్తారో, అన్నీ వరసగా అప్పజెప్పింది. అన్నీ అయ్యాక సంచీ జిప్పు వేసి నిలబడింది.

"నిన్ను నేను అడగలేదు," అంది. "అడగను కూడా. అడిగి వేయించాక పాపకి బొంగరానికి వచ్చినట్టే వస్తే, నీ మొహం నేనెలా చూడను? అడక్కుండా ఊరుకుని, నా పిల్లకి ఏదన్నా అయితే... అప్పుడూ నీ మొహం చూడలేను చెల్లీ. ఎటు తిరిగీ నువ్వు నాకు ఉండవు. ఈ నెలంతా నేను లెక్క వేస్తోంది అదే."

నేను సంచీ అందుకుని కిందికి దించాను, అంతే.

బావగారు వేరే బండి కోసం చూడకుండా నీళ్ళ ట్యాంకరుతోనే వచ్చేశారు. గువ్వని ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు. దానికి ఎన్నాళ్ళగానో ఆ బండెక్కాలని ఉంది. ముక్కూ నోరూ కప్పేసే మాస్కు పైన కళ్ళు మెరిసిపోయాయి. హారను ఒకసారి కొట్టనివ్వమని అడుగుతోంది. ట్యాంకరు వీధి మలుపు తిరిగేదాకా బొంగరం వెనకాల పరిగెత్తాడు. నేను లోపలికి వచ్చి, సగంలో ఉన్న చొక్కాకి చేతులు అతికించాను.

తెల్లవారాక పాపకి స్నానం చేయించి, చేతులు సులువుగా జారే జుబ్బా తొడిగాను. ఎక్కడికని మా ఆయన అడిగాడు. చెప్పాను. చెప్పులేసుకోబోయాడు. వద్దన్నాను, పనికి వెళ్ళమన్నాను. అత్తయ్య గోడకి ఆనుకుని కూర్చుని చూస్తోంది. పక్షం మాట ఎత్తలేదు.

పిల్లల డాక్టరమ్మ పెద్దావిడ. నా ముందు వరసలో చాలామంది ఉన్నారు, తట్టు భయం ఊరంతా పాకింది. నా వంతు వచ్చాక బొంగరం సంగతి, గువ్వ సంగతి, టికెట్లావిడ కొడుకు సంగతి అన్నీ చెప్పాను. ఇప్పటిదాకా ఎందుకు రాలేదని ఆవిడ నన్ను నిలదీస్తుందనుకున్నాను. నిలదీయలేదు. పాప గుండె, చెవులు చూసింది. ఆ పిల్లవాడు ఇంటికొచ్చింది మొన్ననే కాబట్టి ఇప్పుడు వేసినా పాపకి తట్టు రాకుండా ఆపే అవకాశం ఉందనీ, ఇంకా ఆలస్యం చేస్తే ఉండదనీ చెప్పింది.

"ఫిట్సు వస్తాయా?" అని అడిగాను.

"రావని నేను చెప్పను," అంది. "వేలల్లో ఒక బిడ్డకి వస్తాయి. అన్నకి వచ్చాయి కాబట్టి ఈ పిల్లకి కాస్త ఎక్కువ అవకాశమే ఉందనుకో. వస్తే వారం, పది రోజులప్పుడు జ్వరంతో వస్తాయి. కానీ తట్టే వచ్చిందనుకో, ఆ జ్వరానికి ఫిట్సు రావడం ఇంకా ఎక్కువ. అక్కడితో ఆగదు కూడా. ఊపిరితిత్తులకి పాకుతుంది, చెవులకి, ఒక్కోసారి మెదడుకి."

"వేలల్లో ఒకడంటే, ఆ ఒక్కడూ మావాడేనండి."

డాక్టరమ్మ మెడలోంచి స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టింది. "అవునమ్మా," అంది. "నీకు లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది. దాన్ని కాదనను." తర్వాత ఫిట్సు వస్తే ఏం చెయ్యాలో చెప్పింది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. గట్టిగా పట్టుకోకూడదు. గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే క్షణం ఆగకుండా తీసుకురావాలి. ఆగిపోయినా ఒకసారి తెచ్చి చూపించాలి. నా చేత మళ్ళీ చెప్పించుకుంది. బొంగరానికి రెండో మోతాదు బాకీ ఉందని కూడా గుర్తుచేసింది. మళ్ళీ వస్తాను అన్నాను.

నర్సు పాప చేతికి దూదితో తుడిచి సూది వేసింది. పాప ఏడ్చింది. అందరు పిల్లలూ ఏడ్చేలాగే ఏడ్చింది. భుజాన వేసుకుని బయటికి వచ్చాను. ఎండ మొహాన కొట్టింది. మంచి పని చేశాననిపించలేదు. చెడ్డ పని చేశాననీ అనిపించలేదు. ఇంటికెళ్ళి కుచ్చిళ్ళు పెట్టాలి అనిపించింది.

అక్క లేకపోయేసరికి పనంతా నా నెత్తిన పడింది. కొలతలు నేనే, కత్తిరింపు నేనే, కాజాలు నేనే. దగ్గే పిల్లల్ని వాకిట్లోనే ఆపి, కొలతకి పాత చొక్కా ఇచ్చి వెళ్ళమనేదాన్ని. పని మధ్యలో లేచి పాప నుదురు చూసేదాన్ని. చల్లగా ఉండేది. కూర్చునేదాన్ని. మళ్ళీ లేచేదాన్ని. అక్క రోజూ ఫోను చేసేది. గువ్వకి మందు ఎక్కించారనీ, ఇప్పటిదాకా ఏమీ లేదనీ చెప్పేది. నేను ఇచ్చేసిన యూనిఫారాల సంగతులు చెప్పేదాన్ని. పాపకి టీకా వేయించానని మొదటి రోజే చెప్పాను. దానికి అక్క, తెల్ల దారం అయిపోయిందేమో, మంచం కింది డబ్బాలో ఇంకో ఉండ ఉంది చూడు అంది.

వారం దాటాక ఒక పొద్దున పాప ఒళ్ళు వెచ్చగా తగిలింది. జ్వరం మందు వేశాను. మధ్యాహ్నం ఒకావిడ కూతురికి స్కర్టు కొలత ఇవ్వడానికి వచ్చింది. నేను ఆ పిల్ల నడుం చుట్టూ టేపు పట్టుకుని ఉన్నాను. వెనక బొంత మీద పాప గొంతులోంచి చిన్న చప్పుడు వచ్చింది. తిరిగి చూడకముందే నాకు తెలిసిపోయింది.

పాపని పక్కకి తిప్పాను. పక్కనున్న కత్తెర, సుద్దముక్కలు కాలితో దూరంగా నెట్టాను. గోడ గడియారం వైపు చూశాను. అత్తయ్య పెద్ద గొంతుతో ఏడుస్తోంది. ఆ వచ్చినావిడ కూతుర్ని తనకి అదుముకుని గోడకి అంటుకుపోయింది. "కాసేపు కూర్చోండి," అన్నాను ఆవిడతో. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. పాప చెయ్యి కొట్టుకుంటోంది. పట్టుకోవాలని నా చేతులకి ఉంది. పట్టుకోకూడదని చెప్పారు కాబట్టి పట్టుకోలేదు. నా రెండు చేతులూ నా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను. రెండో నిమిషం ఇంకా పూర్తి కాకముందే పాప ఒళ్ళు వదులైంది. నిట్టూర్చి, ఏడవడం మొదలుపెట్టింది.

మా ఆయన పరిగెత్తుకుని వచ్చాడు. ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాము. ఆవిడ అన్నీ చూసి, జ్వరం ఫిట్సేననీ, ఈ ఇంటి పిల్లల తీరే ఇదనీ, పెద్దయ్యేకొద్దీ పోతుందనీ చెప్పింది. సాయంత్రానికి పాప గోడ పట్టుకుని నడిచి, బొంగరం చేతిలోంచి బిస్కెట్టు లాక్కుంది. వాడు ఏడ్చాడు.

"నేను వద్దని చెప్పాల్సింది," అన్నాడు మా ఆయన, పిల్లలిద్దరినీ చూస్తూ.

"చెప్పలేదుగా," అన్నాను. కోపంగా అనలేదు. ఉన్న సంగతి అన్నాను. వేయించమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు, ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే మోశాను. ఇదంతా పైకి అనలేదు. అది ఆయనకి తెలిసినట్టే ఉంది. లేచి వెళ్ళి, నేను మధ్యలో వదిలేసిన గుడ్డలన్నీ మడతపెట్టాడు. మడతలు తప్పుగా వేశాడు.

అక్కకి అత్తయ్య అప్పటికే ఫోనులో చెప్పేసింది. తర్వాత నా ఫోను మోగింది. ఎత్తాను.

"అన్నం తిన్నావా?" అంది అక్క.

"తిన్నాను."

తినలేదు. తినలేదని ఆవిడకీ తెలుసు.

బడులు తెరిచారు. చివరి నిమిషం వాళ్ళు కూడా వచ్చి వెళ్ళిపోయారు. నేలంతా దారపు ముక్కలు. ఇక ఎవరూ రారనుకున్న రోజుల్లో టికెట్లావిడ వచ్చింది. ఆమె కొడుకు యూనిఫారం కుట్టి ఎప్పుడో గోడకి తగిలించి ఉంచాను. ఆమె ఒక్కతే వచ్చింది. నిక్కరు నడుం పట్టించాలమ్మా, చాలా చిక్కిపోయాడు అంది. కూర్చోమన్నాను.

తట్టు ఊపిరితిత్తులకి దిగిందట. ఆసుపత్రిలో గాలి గొట్టాలు పెట్టి ఉంచారట. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడట గానీ, ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకడట. ఆ చెవికి వినికిడి తిరిగి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారట. ఇవన్నీ బస్సు వేళలు చెప్పినట్టు చెప్పుకుపోయింది. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతు.

"మేము టీకా వేయించలేదమ్మా," అంది. "ఎవరికో కాళ్ళు పడిపోయాయని ఎవరో చెప్పారు. బాగానే ఉన్నాడు కదా, బాగున్నవాణ్ణి తీసుకెళ్ళి పొడిపించడం ఎందుకనుకున్నాము. మీవాళ్ళకి వేయించారా?"

"పాపకి వేయించాను. ఫిట్సు వచ్చాయి."

ఆమె నేల మీద కూర్చుని దారం చుట్టే బాబిను దొర్లిస్తున్న పాపని చూసింది. "మరి?"

"తగ్గిపోయాయి."

"తగ్గిపోయాయా," అంది ఆమె. నేను నిక్కరు కుట్టు విప్పి, పక్కలు లోపలికి పట్టి, మళ్ళీ కుట్టి ఇచ్చాను. వాడు కోలుకుంటే విప్పుకోవడానికి వీలుగా గుడ్డ కత్తిరించకుండా లోపలే వదిలాను. ఆమె దాన్ని వేలితో తడిమి చూసి, తల ఊపి, వెళ్ళిపోయింది.

ఆ వారాంతంలో ట్యాంకరు వచ్చి మా వాకిట్లో ఆగింది. గువ్వకి తట్టు రాలేదు. ఇంకా చిక్కింది, కాస్త పొడుగైంది, ఆసుపత్రి పక్క గదిలో ఉన్న ముసలాయన ఎలా దగ్గుతాడో మెట్ల మీదే చేసి చూపించింది. అక్క వచ్చీ రాగానే మిషను దగ్గర నేను కుట్టిన కాజాలు చూసింది. పెదవి విరిచి ఏదో అనబోయి ఊరుకుంది. తర్వాత పాపని ఎత్తుకుంది. నెల పైన అయింది ఎత్తుకుని. చాలాసేపు దించలేదు. పాపే విసుక్కుని దిగిపోయింది.

సోమవారం పొద్దున బొంగరానికి చొక్కా వేసి, వీధిలోకి దిగాను. ఎక్కడికని వాడు అడిగాడు. టీకాకి అన్నాను.

"నొప్పేస్తుందా?"

"వేస్తుంది."

"చాలా?"

"కాసేపు."

వాడు ఆలోచించి, సరే అన్నాడు. నాలుగడుగులు వేశామో లేదో వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. అక్క. పాపని చంకనేసుకుని, తల కూడా సరిగ్గా దువ్వుకోకుండా వస్తోంది. ఎక్కడికని నన్ను అడగలేదు. నేనూ ఎందుకొస్తున్నావని అడగలేదు. డాక్టరమ్మ గది బయట బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాము. ఫిట్సు వస్తే ఏం చెయ్యాలో డాక్టరమ్మ మళ్ళీ చెబుతుంటే అక్క నాకన్నా ముందుకి వంగి విన్నది.

ఇంటికొచ్చాక తన పరుపు చుట్ట చుట్టి, మెట్ల మీంచి ఒక్కతే దించుకుని వచ్చి, మా గదిలో బొంగరం పక్కన పరిచింది. జ్వరం వచ్చే రోజులు దాటేదాకా కిందే ఉంటానంది. గువ్వ సంగతి బావగారు చూసుకుంటారంది. అవసరం లేదక్కా, ఈసారి అంత భయం ఉండదన్నారు కదా అన్నాను. విననట్టే దుప్పటి దులిపింది. అత్తయ్య ఆ పరుపుని చూసి, అక్కని చూసి, నన్ను చూసి, మోకాళ్ళ నొప్పులు తగ్గినట్టున్నాయని పైకి గువ్వ దగ్గరికి వెళ్ళింది.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. గువ్వ మందులు ఆపేసి కూడా చాలాకాలమైంది, ఇప్పుడు నాకన్నా పొడుగు. టికెట్లావిడ కొడుక్కి ఆ చెవికి వినికిడి తిరిగి రాలేదు. పాపకి ఆ తర్వాత ఇంకోసారి మామూలు జలుబు జ్వరానికి ఫిట్సు వచ్చాయి, ఆ తర్వాత రాలేదు. బొంగరానికి ఆ టీకాకి ఒళ్ళు వెచ్చబడనైనా లేదు. అయినా అక్క చెప్పిన రోజులన్నీ కిందే ఉంది. అక్కకి గురక ఉంది. పైన ఉన్నన్నాళ్ళూ నాకు తెలియలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ ఆ పరుపు మీద ఒరిగి, బొంగరం మీద ఒక చెయ్యి వేసి గురక మొదలుపెడితే, పక్కనే పడుకున్న నాకు కన్ను మూతపడేది కాదు. ఒక రోజు ఆ చప్పుడు వింటూ పడుకుని ఉండగా నాకు చిరాకేసింది. లేపి, అటు తిరిగి పడుకో అక్కా అనాలనిపించేంత చిరాకు. నాలో మొద్దుబారిన చోట చాలాకాలానికి ఏదో ఒకటి తెలియడం అదే మొదటిసారి. లేపలేదు. అలాగే వింటూ పడుకున్నాను.